అమెరికా పెళ్లి కాగితం ఏ ఆఫీసులో దొరుకుతుంది?

అమెరికాలో పెళ్లి చేసుకున్నవాళ్లకు మ్యారేజ్ సర్టిఫికెట్ గుర్తొచ్చేది పెళ్లిరోజున కాదు, ఏడాదికో ఐదేళ్లకో. గ్రీన్ కార్డు దరఖాస్తు పెట్టేటప్పుడు, భారత సంతతివాళ్లకు, వాళ్ల జీవిత భాగస్వాములకు ఇచ్చే ఓసీఐ కార్డుకు వెళ్లినప్పుడు, పాస్‌పోర్టులో భార్య పేరో భర్త పేరో చేర్చాల్సి వచ్చినప్పుడు, ఇంటిపేరు మారిందని డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో చూపించాల్సి వచ్చినప్పుడు. అప్పుడు బీరువా వెతికితే బంగారు అంచుతో, పూల డిజైనుతో ఒక అందమైన కాగితం దొరుకుతుంది. దాని మీద పంతులుగారి సంతకం కూడా ఉంటుంది. తీరా దాన్ని జతచేసి పంపితే, ఇది జ్ఞాపికే తప్ప రికార్డు కాదు, సర్టిఫైడ్ కాపీ పంపండి అని జవాబొస్తుంది. టెన్షన్ అక్కడ మొదలవుతుంది. ఆ సర్టిఫైడ్ కాపీ ఇచ్చేదెవరు?

దేశం మొత్తానికీ ఒక రిజిస్టరు ఉంటుందని, అందులో పేరు కొడితే దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. అలాంటిది లేదు. ఇమిగ్రేషన్ శాఖ ఫైల్లో ఉండేది మనం ఇచ్చిన కాపీయే. అమెరికాలో పెళ్లి రాష్ట్రాల పరిధిలోని విషయం. రాష్ట్రాలు ఆ పనిని ఎక్కువ చోట్ల మన జిల్లాల్లాంటి కౌంటీలకు వదిలేశాయి. దేశంలో కౌంటీలు, వాటికి సమానమైన పాలనా విభాగాలు కలిపి 3,100కు పైగా ఉన్నాయి. టెక్సస్‌లోనే 254, కాలిఫోర్నియాలో 58. ఒక్కో కౌంటీకి ఒక్కో రికార్డు గది, ఒక్కో ఫీజు, ఒక్కో ఫారం. ఏ రాష్ట్రంలో ఎవరిని అడగాలో కేంద్ర ఆరోగ్య సంస్థ సీడీసీ తన వెబ్‌సైటులో రాష్ట్రాలవారీగా జాబితా పెట్టింది. కేంద్ర ప్రభుత్వం నుంచి దొరికే సాయం దాదాపు అంతే.

అందుకే ఈ వెతుకులాటలో మొదటి ప్రశ్న 'పెళ్లి ఎక్కడ జరిగింది' అని కాదు, 'పెళ్లికి అనుమతిచ్చే లైసెన్సు ఏ ఆఫీసు ఇచ్చింది' అని. రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ కాదు. డాలస్ పక్కన మనవాళ్లు బాగా స్థిరపడ్డ ఫ్రిస్కోనే తీసుకుందాం. ఆ ఊరు కాలిన్, డెంటన్ అనే రెండు కౌంటీల్లో పరుచుకుని ఉంది. టెక్సస్‌లో ఏ కౌంటీ క్లర్కు (రికార్డులు చూసే అధికారి) దగ్గరైనా లైసెన్సు తీసుకుని రాష్ట్రంలో ఎక్కడైనా పెళ్లి చేసుకోవచ్చు. ఇల్లు కాలిన్ కౌంటీ వైపు ఉండి, అబ్బాయి ఆఫీసుకు దగ్గరని డెంటన్ కౌంటీలో లైసెన్సు తీసుకుని, పెళ్లి హాలు డాలస్ కౌంటీలో బుక్ చేశారనుకుందాం. రికార్డు డెంటన్‌లో ఉంటుంది. శుభలేఖలో హాలు అడ్రసు చూసి డాలస్ కౌంటీని అడిగితే 'మా దగ్గర అలాంటి పెళ్లేదీ నమోదు కాలేదు' అంటారు. వాళ్లు చెప్పేది నిజమే.

లైసెన్సు వేరు, సర్టిఫికెట్ వేరు

మనకు ఈ గందరగోళం రావడానికి కారణం ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మనకు అలవాటైన వరస: ముందు పెళ్లి, తర్వాత రిజిస్ట్రేషన్. 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లిని తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి నమోదు చేయించుకుంటాం. శుభలేఖ, ఫొటోలు, సాక్షులు పట్టుకుని వెళ్తాం. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో పెళ్లిళ్ల నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు దేశమంతటా నమోదు తప్పనిసరి చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. అయినా వరస మారలేదు: తాళి ముందు, కాగితం తర్వాత. ముందే నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాల్సిన స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ పెళ్లి ఇందుకు భిన్నం.

అమెరికాలో తిరగేసి ఉంటుంది. ముందు వధూవరులిద్దరూ క్లర్కు దగ్గరకు వెళ్లి గుర్తింపు కార్డులు చూపించి, ఫీజు కట్టి, పెళ్లి చేసుకోవడానికి అనుమతి తీసుకుంటారు. అదే లైసెన్సు. దానికి గడువు ఉంటుంది. టెక్సస్, కాలిఫోర్నియాల్లో 90 రోజులు, పెన్సిల్వేనియా, వర్జీనియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో 60 రోజులు. కొన్నిచోట్ల వెంటనే వాడటానికీ వీల్లేదు. టెక్సస్‌లో చేతికొచ్చాక 72 గంటలు ఆగాలి. సైన్యంలో ఉన్నవాళ్లకు, రాష్ట్రం గుర్తించిన పెళ్లి ముందు క్లాసు పూర్తిచేసినవాళ్లకు ఆ మూడు రోజులు మాఫీ. న్యూయార్క్‌లో 24 గంటలు ఆగాలి. ముహూర్తం శనివారం పెట్టుకుని శుక్రవారం మధ్యాహ్నం క్లర్కు ఆఫీసుకు పరిగెత్తేవాళ్లు తెలుసుకోవాల్సిన అంకెలివి.

పెళ్లయ్యాక ఆ లైసెన్సు మీదే పెళ్లి చేయించినవాళ్లు తేదీ, చోటు రాసి సంతకం పెడతారు. సాక్షులు అవసరమైన రాష్ట్రాల్లో వాళ్లూ పెడతారు. సంతకాలైన కాగితం క్లర్కుకు తిరిగి వెళ్లాలి. కాలిఫోర్నియాలో 10 రోజుల్లో, టెక్సస్‌లో 30 రోజుల్లో. క్లర్కు దాన్ని రికార్డు చేశాకే అది పెళ్లి రికార్డు అవుతుంది. ఆ రికార్డుకు ముద్ర వేసి ఇచ్చే నకలే సర్టిఫైడ్ కాపీ. అంటే లైసెన్సు, సర్టిఫికెట్ చాలాచోట్ల ఒకే కాగితానికి రెండు దశలు. 'నా దగ్గర మ్యారేజ్ లైసెన్సు ఉంది కదా' అని కాపీ అడగకుండా ఊరుకునేవాళ్లు ఆగిపోయేది మొదటి దశలోనే.

ఈ గొలుసులో అన్నిటికంటే బలహీనమైన లంకె పంతులుగారి సంచి. పెళ్లి హడావుడిలో సంతకం పెట్టిన కాగితం ఆ సంచిలోనే ఉండిపోతే, కౌంటీలో ఎన్నిసార్లు వెతికినా రికార్డు కనపడదు. లైసెన్సు ఇచ్చినట్టు ఉంటుంది, తిరిగి వచ్చినట్టు ఉండదు. కాలిఫోర్నియా చట్టం ఈ విషయంలో దంపతుల పక్షాన ఉంది: పెళ్లి చేయించినవాళ్లు కాగితం తిరిగి ఇవ్వనంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదు. కానీ పెళ్లి చెల్లడం వేరు, రుజువు చేతిలో ఉండటం వేరు. పెళ్లయిన నెల రోజులకు ఒకసారి క్లర్కు ఆఫీసుకు ఫోన్ చేసి రికార్డయిందా అని అడిగి, అప్పుడే రెండు మూడు సర్టిఫైడ్ కాపీలు తెప్పించుకోవడం తెలివైన పని. ఆరేళ్ల తర్వాత ఆ పంతులుగారు ఏ రాష్ట్రంలో ఉన్నారో ఎవరికి తెలుసు?

ఇంకో చిన్న తిరకాసు ముహూర్తంతో వస్తుంది. మనవాళ్లు 'శనివారం రాత్రి పెళ్లి' అంటారు. ముహూర్తం తెల్లవారుజామున 2 గంటలకైతే కాగితం మీద పడాల్సింది ఆదివారం తేదీ. శుభలేఖలో ఒక తేదీ, రికార్డులో ఇంకోటి ఉంటే ఫారాల్లో రికార్డు తేదీనే రాయాలి.

అన్నిచోట్లా కౌంటీ కాదు, అన్నిచోట్లా క్లర్కూ కాదు

లైసెన్సు ఇచ్చిన ఆఫీసులోనే రికార్డు అన్నది ఎక్కువ రాష్ట్రాల సంగతి. న్యూజెర్సీ దగ్గరకు వచ్చేసరికి ఆ లెక్క తప్పుతుంది. అక్కడ కౌంటీకి ఈ పనితో సంబంధమే లేదు. మునిసిపాలిటీలో ఉండే లోకల్ రిజిస్ట్రార్ చూస్తారు. వధూవరుల్లో ఎవరో ఒకరు ఉండే ఊళ్లో లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలి. 72 గంటలు ఆగాలి. పెళ్లయ్యాక రికార్డు మాత్రం పెళ్లి జరిగిన ఊరి రిజిస్ట్రార్ దగ్గరకు చేరుతుంది. ఎడిసన్‌లో ఉండే జంట బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వర ఆలయంలో పెళ్లి చేసుకుంటే లైసెన్సు ఇచ్చింది ఎడిసన్, రికార్డు ఉండేది బ్రిడ్జ్‌వాటర్. టెక్సస్ నుంచి న్యూజెర్సీకి మారినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఇల్లినాయ్‌లో ఇంకో రకం పట్టు. అక్కడి లైసెన్సు ఇచ్చిన మర్నాటి నుంచి 60 రోజులు పనికొస్తుంది, అదీ ఇచ్చిన కౌంటీ లోపలే. షికాగో శివారు అరోరాలో బాలాజీ గుడి ఉంది కాబట్టి మనవాళ్ల పెళ్లిళ్లు అక్కడ చాలా జరుగుతాయి. అరోరా ఊరు కేన్, డ్యూపేజ్, కెండల్, విల్ అనే నాలుగు కౌంటీల్లో విస్తరించి ఉంది. 'అరోరాలో పెళ్లి' అంటే క్లర్కుకు ఏమీ చెప్పినట్టు కాదు. గుడో హాలో ఏ కౌంటీ గీత లోపల ఉందో చూసుకుని ఆ కౌంటీలోనే లైసెన్సు తీసుకోవాలి. దీనివల్ల ఒక మేలూ ఉంది. ఇల్లినాయ్‌లో పెళ్లి జరిగిన చోటు కచ్చితంగా తెలిస్తే రికార్డు ఎక్కడుందో కూడా తెలిసినట్టే.

ఇక ఆఫీసు పేర్లు. కాలిఫోర్నియాలో కౌంటీ క్లర్కు లేదా రికార్డర్. జార్జియాలో వీలునామాలు చూసే ప్రొబేట్ కోర్టు. వర్జీనియాలో సర్క్యూట్ కోర్టు క్లర్కు. నార్త్ కరొలైనాలో రిజిస్టర్ ఆఫ్ డీడ్స్, అంటే భూముల దస్తావేజులు చూసే ఆఫీసే. వాషింగ్టన్ రాష్ట్రంలో కౌంటీ ఆడిటర్. లూయిజియానాలో అసలు కౌంటీలే లేవు, వాటిని పారిష్‌లంటారు. మసాచుసెట్స్, కనెక్టికట్ లాంటి ఈశాన్య రాష్ట్రాల్లో ఊరి క్లర్కు. పెన్సిల్వేనియాలో చాలా కౌంటీల్లో ఆ పని 'అనాథల కోర్టు' అనే అర్థం వచ్చే ఆర్ఫన్స్ కోర్టు గుమాస్తాది. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరుడి గుడిలో పెళ్లి చేసుకున్న జంట కాగితం కోసం అనాథల కోర్టుకు ఉత్తరం రాయాల్సి వస్తే, ఇంట్లో పెద్దవాళ్లకు ఆ పేరు చెప్పకపోవడమే మంచిది. వారసత్వాలు, మైనర్ల ఆస్తులు చూడటానికి పుట్టిన పాత ఇంగ్లిష్ కోర్టు పేరు అది.

అలబామాలో 2019 ఆగస్టు నుంచి లైసెన్సన్న పద్ధతినే ఎత్తేశారు. వధూవరులు ఒక ఫారం నింపి నోటరీ చేయించి ప్రొబేట్ కోర్టులో దాఖలు చేస్తే అదే పెళ్లి రికార్డు. యూటా రాష్ట్రంలోని యూటా కౌంటీ ఇంకో అడుగు ముందుకేసి వీడియోలో పెళ్లిళ్లు చేయిస్తోంది. ఆ కౌంటీలో కాలు పెట్టని జంటల రికార్డులు కూడా అక్కడ ఉంటాయి. చెరో చోట ఉండి చేసుకున్న ఇలాంటి పెళ్లిని ఇమిగ్రేషన్ కోసం వాడుకునేవాళ్లు, ఆ తర్వాత ఇద్దరూ ఒకచోట కాపురం చేస్తేనే అది లెక్కలోకి వస్తుందని గుర్తుంచుకోవాలి.

రాష్ట్ర రాజధానిలో జనన, మరణ, వివాహ రికార్డులు చూసే వైటల్ రికార్డ్స్ ఆఫీసుకు రాస్తే సరిపోదా? కొన్నిచోట్ల సరిపోతుంది. ఫ్లోరిడా రాష్ట్రం దగ్గర 1927 జూన్ నుంచీ ఉన్నాయి. టెక్సస్ దగ్గర 1966 నుంచి సూచిక మాత్రమే ఉంది. 'ఫలానా ఇద్దరికీ ఫలానా కౌంటీలో పెళ్లయినట్టు నమోదైంది' అని ధ్రువీకరణ లేఖ ఇస్తారు గానీ సర్టిఫైడ్ కాపీ ఇవ్వరు. దానికి మళ్లీ కౌంటీకే వెళ్లాలి. ఏ కౌంటీయో మర్చిపోయినవాళ్లకు మాత్రం ఆ లేఖ బాగా పనికొస్తుంది, కౌంటీ పేరు అందులో ఉంటుంది కాబట్టి. కాలిఫోర్నియా రాష్ట్ర ఆఫీసు దగ్గర మధ్యలో కొన్నేళ్లవి మాత్రమే ఉన్నాయి: 1949 నుంచి 1986 వరకు, మళ్లీ 1998, 1999. మిగతావన్నీ కౌంటీల్లోనే. పెన్సిల్వేనియాలో 1885లో లైసెన్సు పద్ధతి మొదలైనప్పటి నుంచీ పెళ్లి రికార్డులు కౌంటీలవే.

న్యూయార్క్ నగరం వేరే ప్రపంచం. ఆ నగరంలో ఐదు బరోలు అంటే ఐదు కౌంటీలు, కానీ పెళ్లి లైసెన్సులు సిటీ క్లర్కు చూస్తారు. 1949 వరకూ ఉన్న పాత రికార్డులు మునిసిపల్ ఆర్కైవ్స్‌కు చేరాయి. వాటి స్కాన్లు 2022 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. నగరం దాటితే లైసెన్సు ఇచ్చిన ఊరి లేదా పట్టణపు క్లర్కే గతి.

పేరు కొడితే ఎందుకు దొరకదు

చాలా కౌంటీలకు ఇప్పుడు ఆన్‌లైన్ వెతుకుడు సదుపాయం ఉంది. లాస్‌వేగస్ ఉన్న క్లార్క్ కౌంటీలో లైసెన్సు ఆఫీసు రోజూ అర్ధరాత్రి దాకా తెరిచి ఉంటుంది, పెళ్లిళ్ల సూచిక ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. అయితే ఈ సూచికలన్నీ ఇంటిపేరు మీద నడిచేవి. తెలుగు పేర్లకు అక్కడే చిక్కు.

మన ఇంటిపేరు ముందుంటుంది, వాళ్లది చివరుంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏది పడితే అమెరికాలో అదే లాస్ట్ నేమ్. ఒకే ఇంట్లో అన్నకు అసలు ఇంటిపేరు, తమ్ముడికి రెడ్డి, చెల్లెలికి తండ్రి పేరు లాస్ట్ నేమ్‌గా ఉండటం మనకు వింత కాదు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుతో వీసా తీసుకున్నవాళ్లకు ఉన్న పేరంతా లాస్ట్ నేమ్ అయిపోయి, మొదటి పేరు చోట ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దానర్థం. ఆ మూడక్షరాలే కౌంటీ రికార్డులోకి కూడా పాకిన సందర్భాలుంటాయి. ఇక స్పెల్లింగు. లక్ష్మిలో కే ఎస్ హెచ్ రాశారా, ఎక్స్ రాశారా? చౌదరి చివర వై ఉందా, ఐ ఉందా? వెంకట చివరి ఏ ఉందా, పోయిందా? దరఖాస్తు నింపినప్పుడు క్లర్కు టైప్ చేసిందే శాశ్వతం.

కాబట్టి ఒక్క స్పెల్లింగుతో వెతికి లేదని తేల్చుకోకూడదు. పెళ్లినాటి పాస్‌పోర్టు తీసి అందులో ఉన్న వరసలో, తర్వాత తిరగేసి, తర్వాత అవతలి మనిషి పేరుతో వెతకాలి. ఇద్దరిలో ఒకరి పేరు సూటిగా ఉన్నా చాలు. పెళ్లయ్యాక మార్చుకున్న పేరుతో వెతికితే చాలాచోట్ల ఏమీ రాదు, లైసెన్సు పాత పేరు మీదే ఉంటుంది.

పేరు సంగతి వచ్చింది కాబట్టి, కాలిఫోర్నియా వధువులు, వరులు లైసెన్సు దరఖాస్తు దగ్గరే జాగ్రత్తపడాల్సిన విషయం ఒకటుంది. పెళ్లి తర్వాత ఏ పేరు వాడతారో ఆ ఫారంలోనే రాయాలి. 2009 నుంచి ఇదే పద్ధతి. అక్కడ ఖాళీగా వదిలేసి తర్వాత సవరణ ఫారంతో కొత్త పేరు చేరుస్తామంటే కుదరదు. కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాల్సి ఉంటుంది. 'తర్వాత చూద్దాంలే' అని సంతకం పెట్టేసిన ఆ గడి, రెండేళ్ల తర్వాత కోర్టు ఫీజుగా తిరిగొస్తుంది.

ఎవరికి ఇస్తారు, ఎవరికి ఇవ్వరు

టెక్సస్‌లో పెళ్లి రికార్డు బహిరంగ పత్రం. ఎవరైనా ఫీజు కట్టి కాపీ తీసుకోవచ్చు. న్యూయార్క్ నగరంలో 50 ఏళ్ల లోపు రికార్డు కావాలంటే ఆ దంపతుల్లో ఒకరై ఉండాలి, లేదా వాళ్ల రాతపూర్వక అనుమతి ఉండాలి, లేదా లాయరై ఉండాలి. కాలిఫోర్నియా మధ్యేమార్గం పట్టింది. దంపతులకు, దగ్గరి బంధువులకు, చట్టం చెప్పిన మరికొందరికి అధీకృత కాపీ ఇస్తారు. పోస్టులో అడిగితే ఫలానా మనిషినే అని ప్రమాణపత్రం మీద నోటరీ చేయించి పంపాలి. మిగతావాళ్లకు అదే కాగితం సమాచారం కోసమే అని, గుర్తింపు రుజువుగా చెల్లదని అడ్డంగా ముద్ర వేసి ఇస్తారు. హడావుడిలో నోటరీ బాధ ఎందుకని రెండో రకం తెప్పించుకుని ఇమిగ్రేషన్‌కు పంపి మళ్లీ మొదటికి వచ్చేవాళ్లు తక్కువమందేం కాదు.

కాలిఫోర్నియాలోనే కాన్ఫిడెన్షియల్ లైసెన్సు అని ఇంకోటుంది. అప్పటికే కలిసి ఉంటున్న జంటలకు ఇస్తారు, సాక్షులు అక్కర్లేదు. దాని కాపీ ఆ దంపతులకు తప్ప ఇంకెవరికీ రాదు. బయటివాళ్లు ఫీజు కట్టి అడిగితే అలాంటి పెళ్లి నమోదై ఉందో లేదో క్లర్కు చెప్పవచ్చు, తేదీతో సహా మిగతా వివరమేదీ కోర్టు ఆదేశం లేకుండా బయటపెట్టకూడదు. ఆ కాపీ దొరికేది కూడా లైసెన్సు ఇచ్చిన కౌంటీ క్లర్కు దగ్గర మాత్రమే. రాష్ట్ర ఆఫీసు ఇవ్వదు.

ఈ తేడాలన్నీ దంపతులకంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది అమ్మాయి తల్లిదండ్రులను. గుంటూరులోనో కరీంనగర్‌లోనో అమెరికా సంబంధం ఖాయం చేసుకుంటున్న కుటుంబం, అబ్బాయికి ఇంతకుముందు పెళ్లయిందేమో చూడాలనుకోవడంలో తప్పులేదు. ఏ వెబ్‌సైటులో చూడాలి అని అడుగుతారు. నిజాయితీగా చెప్పాలంటే కౌంటీ రికార్డులు ఒక దిక్కుకే సాక్ష్యం చెప్తాయి. పేరు, వయసు, ఊరు కలిసి ఒక రికార్డు బయటపడితే అది గట్టి ఆధారం. ఏమీ దొరకకపోతే మాత్రం అది పెళ్లి కాలేదనడానికి రుజువు కాదు. అబ్బాయి నాలుగు రాష్ట్రాల్లో ఉద్యోగాలు చేసి ఉండవచ్చు. పక్క కౌంటీలో లైసెన్సు తీసుకుని ఉండవచ్చు. కాలిఫోర్నియాలో కాన్ఫిడెన్షియల్ పెళ్లయి ఉండవచ్చు. ఇండియాలోనే పెళ్లయి ఉంటే అమెరికా కౌంటీలో దాని జాడే ఉండదు. విడాకులైతే అవి కోర్టు రికార్డులు, టెక్సస్‌లో డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర, కాలిఫోర్నియాలో సుపీరియర్ కోర్టులో ఉంటాయి. అబ్బాయి ఏ ఏ ఊళ్లలో ఎన్నేళ్లున్నాడో ముందు రాసుకుని, ఆయా కౌంటీల పెళ్లి సూచికలతో పాటు కోర్టు సూచికలు కూడా చూడటం ఒక్కటే అర్థమున్న పద్ధతి.

ఇండియాలో పెళ్లి చేసుకుని వచ్చినవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. వాళ్ల రుజువు సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్టే. రెండు పెళ్లిళ్లు చేసుకున్నవాళ్ల సంగతే తికమక. అంటే ఒకే మనిషితో రెండుసార్లు: వీసా తొందరకు మార్చిలో అమెరికాలో క్లర్కు ఎదుట, డిసెంబరులో విజయవాడలో వెయ్యిమంది ముందు. చట్టం దృష్టిలో మార్చిలోదే పెళ్లి. ఒక ఫారంలో మార్చి తేదీ, ఇంకో ఫారంలో డిసెంబరు తేదీ రాస్తే ఆఫీసర్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవడం పెద్ద పని.

అడిగే తీరు

కాపీకి పెట్టే దరఖాస్తు మామూలుగా ఒక పేజీ. ఇద్దరి పేర్లు పెళ్లినాటికి ఎలా ఉన్నాయో అలా, పెళ్లి తేదీ లేదా కనీసం ఏ ఏళ్ల మధ్యో, గుర్తింపు కార్డు నకలు, ఫీజు. ఫీజు చాలాచోట్ల పది నుంచి ముప్పై డాలర్ల మధ్య ఉంటుంది. ఇంటర్నెట్‌లో వెతికితే ముందు వరసలో వచ్చేవి తరచుగా ప్రైవేటు సైట్లు. 'ఎవరి పెళ్లి రికార్డైనా క్షణాల్లో' అని ఊరించేవి సర్టిఫైడ్ కాపీ ఇవ్వలేవు. మరోవైపు వైటల్‌చెక్ లాంటి సంస్థను చాలా ప్రభుత్వ ఆఫీసులే ఆన్‌లైన్ ఆర్డర్లకు వాడుకుంటాయి, అదనపు ఛార్జీ ఉంటుంది. ఏది ఏదో తేల్చుకోవడానికి సులువైన దారి కౌంటీ సొంత సైటుకు వెళ్లి అక్కడున్న లింకు పట్టుకోవడం.

కాపీ ఇండియాలో వాడాలంటే అపోస్టిల్, అంటే వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ, కావాలి. విదేశీ పత్రాలను గుర్తించే హేగ్ ఒప్పందం ఇండియాకు 2005 నుంచి వర్తిస్తోంది, అమెరికాకు 1981 నుంచి. అయితే కౌంటీ కాగితానికి అపోస్టిల్ వేసేది వాషింగ్టన్ డీసీ కాదు, ఆ రాష్ట్రమే, ఎక్కువ చోట్ల సెక్రటరీ ఆఫ్ స్టేట్. డెంటన్ కౌంటీ కాపీకి టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లోనే పడాలి. ఇప్పుడు మీరు ఒహాయోలో ఉన్నారని అక్కడ వేయించలేరు. న్యూయార్క్ నగరంలో మెట్లు ఎక్కువ. సిటీ క్లర్కు దగ్గర చిన్న కాపీ, పెద్ద కాపీ అని రెండు రకాలుంటాయి, విదేశాల పనికి పెద్దదే అడగాలి. దాని మీది సంతకం నిజమైనదేనని మన్‌హాటన్‌లోని కౌంటీ క్లర్కు ధ్రువీకరించాలి, ఆ తర్వాతే రాష్ట్రం అపోస్టిల్ వేస్తుంది. ఓసీఐ కార్డుకు భార్యగానో భర్తగానో దరఖాస్తు చేసేవాళ్లకు పెళ్లి నమోదై కనీసం రెండేళ్లు కాపురం సాగి ఉండాలన్న నిబంధన ఉంది. ఆ రెండేళ్లు గడిచేలోపు ఈ కాగితాలు సిద్ధం చేసుకోవడానికి తీరిక దొరుకుతుంది.

పాత రికార్డుల గది

వంశవృక్షాలు వెతికే అమెరికన్లకు కౌంటీ గదులు గనులు. అందులో పెద్ద గోతులూ ఉన్నాయి. 1871 అగ్నిప్రమాదంలో షికాగో ఉన్న కుక్ కౌంటీ అంతకుముందు రికార్డులు బూడిదయ్యాయి. 1906 భూకంపం, మంటల్లో శాన్‌ఫ్రాన్సిస్కోవి పోయాయి. వర్జీనియాలో అంతర్యుద్ధంలో కోర్టు భవనాలు కాలిన కౌంటీలకు 'కాలిన కౌంటీలు' అన్న పేరే స్థిరపడింది.

భారతీయుల జాడ ఈ గదుల్లో మనం అనుకున్నదానికంటే ముందే కనిపిస్తుంది. 1910ల నుంచి కాలిఫోర్నియా ఇంపీరియల్ వ్యాలీలో పత్తి సాగు చేసిన పంజాబీ మగవాళ్లు మెక్సికన్ స్త్రీలను పెళ్లాడారు. అప్పట్లో ఆ రాష్ట్రంలో తెల్లవారికి, ఇతర జాతులవారికి మధ్య పెళ్లిళ్ల మీద నిషేధం ఉండేది. ఇద్దరి రంగూ ఒకటేనని కౌంటీ క్లర్కుకు అనిపిస్తే లైసెన్సు, అనిపించకపోతే లేదు. కాదన్నచోట కొన్ని జంటలు వేరే కౌంటీకో, పక్క రాష్ట్రానికో వెళ్లి పెళ్లి చేసుకున్నాయి. ఆ కుటుంబాల మనవలు ఇవాళ తాతల పెళ్లి కాగితం కోసం ఒక్క కౌంటీలో వెతికితే సరిపోదు. కాలిఫోర్నియాలో ఆ నిషేధాన్ని 1948లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది, దేశమంతటా 1967లో పోయింది.

నిషేధం పోయినా జాతి గడి కొన్ని రాష్ట్రాల లైసెన్సు ఫారాల్లో మిగిలింది. వర్జీనియాలో జాతి రాయకపోతే లైసెన్సు ఇవ్వమన్నారని మూడు జంటలు 2019లో కోర్టుకెక్కాయి. ఆ ఏడాది అక్టోబరులో ఫెడరల్ జడ్జి ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమన్నారు. అంతకుముందు ఫెయిర్‌ఫాక్స్ కోర్టులో లైసెన్సు తీసుకున్న తెలుగు జంటలు కూడా ఆ గడి నింపే బయటికొచ్చారు.